పాత హార్మోనియం ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

ధనుర్మాసం దగ్గరపడుతోందంటే ఒకటే ప్రశ్న వస్తుంది. "మా రామమందిరంలో తాతలనాటి పెట్టె ఉందండీ. గాలి నిలవడం లేదు, నాలుగైదు మెట్లు పలకడం లేదు. కొత్తది కొనేయమంటారా?" శ్రీరామనవమి ముందు నాటకాలవాళ్ళు, క్రిస్మస్ ముందు చర్చి క్వాయరువాళ్ళు అడిగేదీ ఇదే. అమలాపురం, నరసాపురం, రాజోలు, యానాం, ఊరు ఏదైనా పెట్టెకు వచ్చే జబ్బులు మాత్రం దాదాపు ఒకటే. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక మాట. మూగబోయిన పాత హార్మోనియాల్లో చాలావాటికి రీడ్లు పాడైపోవు. గాలి ఎక్కడో కారిపోతూ ఉంటుంది, లోపల దుమ్ము పేరుకుని ఉంటుంది, అంతే. ఆ సంగతి చూడకుండా ఎవరో ఒకరు రీడ్లు గీకడం మొదలుపెడతారు. గాలి సరిగా లేని పెట్టెలో చేసిన శృతి నిలవదు. కాబట్టి ఈ వరస తప్పకండి: మొదట గాలి, తర్వాత మెట్లు, ఆ తర్వాత రీడ్లు శుభ్రం చేయడం, అన్నిటికంటే ఆఖరున శృతి. గాలీ మెట్లూ సరిచేశాక శృతి ముట్టుకునే అవసరమే లేకుండా పోయే పెట్టెలు కూడా ఉంటాయి.

ఇక్కడ మెట్టు అంటే వేలితో నొక్కేది. రీడు అంటే లోపల మోగే ఇత్తడి ముక్క. తిత్తి అంటే గాలి కొట్టే బెల్లో; చేత్తో కొట్టేది బయటి తిత్తి, ఆ గాలిని నిలవ ఉంచేది లోపలి తిత్తి. మూత అంటే మెట్టు కింద గాలి దారిని మూసి ఉంచే ముక్క. రీడ్ బోర్డు అంటే రీడ్లు బిగించిన చెక్క పలక. స్టాపరు అంటే రీడ్లకు గాలి వదలడానికీ ఆపడానికీ లాగి నెట్టే గుండీ. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తయారుచేసిన చేతి హార్మోనియం నుంచి ఇప్పటిదాకా లోపలి అమరిక పెద్దగా మారలేదు. మీ పెట్టె ఏ కంపెనీదైనా ఇది పనికొస్తుంది.

ఎప్పుడు చేయాలి

జనవరి చివరి నుంచి ఏప్రిల్ లోపల. గోదావరి డెల్టాలో వానాకాలం చెమ్మకు చెక్క ఉబ్బి ఉంటుంది. మెట్టు పక్కదానికి ఒరుసుకుంటోందని అప్పుడు గీకేస్తే, వేసవికి అదే మెట్టు వదులై గలగలలాడుతుంది. అతికించిన తోలు కూడా వానల్లో సరిగా ఆరదు, బూజు పడుతుంది. ధనుర్మాసానికి పెట్టె కావాలంటే అంతకుముందు వేసవిలోనే పని ముగించుకోండి. మరీ అత్యవసరమైతే దుమ్ము దులపడం, స్ప్రింగులు సరిచేయడం వరకు ఏ కాలంలోనైనా చేయవచ్చు.

కావలసినవి

- మరల గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్లు, చిన్నవీ పెద్దవీ
- మెత్తని పెయింటు బ్రష్షు, పాత టూత్‌బ్రష్షు
- పట్టకారు, ముక్కు సన్నగా ఉండే ప్లయరు
- సన్నటి ఆకురాయి (వాచీలు బాగుచేసేవాళ్ళు వాడే సైజు), మొన పదునుగా ఉన్న చిన్న ఉలి లేదా స్క్రేపరు
- చాలా పలుచని ఉక్కు రేకు. దొరకకపోతే షేవింగ్ బ్లేడును సగానికి విరిచి వాడవచ్చు, వేళ్ళు జాగ్రత్త
- మెత్తని మేకతోలు. చెప్పుల లోపల లైనింగుకు వాడేది సరిపోతుంది. తబలా, మృదంగం కట్టే తోలు వద్దు, అది బిరుసు, గాలి మూయదు
- ఫెల్టు, పలుచని కాటన్ గుడ్డ
- సరేసు (వడ్రంగులు కరిగించి వాడే తోలు జిగురు), ఫెవికాల్
- సర్జికల్ స్పిరిట్, దూది
- అగరుబత్తీలు, టార్చిలైటు
- పెన్సిలు, కోడిగుడ్ల అట్ట ట్రేలు రెండు మూడు
- ఫోనులో ట్యూనర్ యాప్

సరేసా, ఫెవికాలా అని చాలామంది అడుగుతారు. మళ్ళీ ఎప్పుడైనా విప్పాల్సి వచ్చే చోట, అంటే మూతల తోలుకు, రీడ్ బోర్డు మీద అతుకులకు సరేసు వాడండి. గోరువెచ్చని నీళ్ళు తగిలిస్తే అది ఊడి వస్తుంది, చెక్క పాడవదు. బయటి తిత్తి గుడ్డకూ అట్టకూ మాత్రం నేను ఫెవికాలే చెబుతాను. మన చెమ్మకు సరేసు అక్కడ మెత్తబడిపోతుంది. సరేసును నేరుగా మంట మీద పెట్టకండి. నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. మరిగిందంటే దాని పట్టు పోయినట్టే.

వాడకూడనివి కూడా చెప్పాలి: సైకిల్ పంక్చర్ సొల్యూషన్, సెల్లోటేపు, ఎం-సీల్, ఫెవిక్విక్. పంక్చర్ సొల్యూషన్ కొన్నాళ్ళకు పెళుసై ఊడుతుంది, తోలును కూడా తీసుకుపోతుంది. దాని జిగురు వదిలించడం అసలు రిపేరు కంటే పెద్ద పని.

1. విప్పకముందు రోగం రాసుకోండి

కాగితం మీద మెట్లన్నీ వరసగా గీసుకోండి. మూడుంపావు ఆక్టేవుల పెట్టెకు 39 మెట్లు, మూడున్నర ఆక్టేవులకు 42 ఉంటాయి. ఒక్కొక్క స్టాపరు తెరిచి ఒక్కొక్క మెట్టు నొక్కి, ఏది పలకడం లేదు, ఏది బుస్సుమంటోంది, ఏది నొక్కకుండానే మోగుతోంది, ఏది శృతి తప్పింది అనేది రాయండి. ఈ కాగితం పని అయ్యేదాకా దగ్గరే ఉండాలి.

తర్వాత గాలి పరీక్ష. స్టాపర్లన్నీ మూసేసి, తిత్తి కొట్టి లోపల గాలి నిండా పట్టండి. చెయ్యి తీసేయండి. లోపలి తిత్తి అర నిమిషమైనా దిగకుండా నిలబడితే ఫర్వాలేదు. నాలుగైదు సెకన్లలో ఊసురోమంటే లీకు పెద్దది. ఇప్పుడు స్టాపర్లు తెరిచి, మెట్లేవీ నొక్కకుండా మళ్ళీ అదే చేయండి. మొదటిసారి నిలబడి రెండోసారి దిగితే లోపం పైన, మూతల దగ్గర లేదా రీడ్ బోర్డు దగ్గర ఉంది. రెండుసార్లూ దిగితే ముందు తిత్తుల సంగతి చూడాలి. ఈ ఒక్క పరీక్షతో సగం పని తేలిపోతుంది.

2. విప్పడం

పై మూత తీస్తే మెట్లు, వాటి స్ప్రింగులు కనిపిస్తాయి. మెట్లు బిగించిన పలక కిందే రీడ్ బోర్డు ఉంటుంది. చాలా పెట్టెల్లో ఈ రెండూ కలిసి, పక్కల ఉన్న కొక్కేలో మరలో తీయగానే పైకి లేస్తాయి. లేవకపోతే బలంగా లాగకండి, ఎక్కడో ఇంకో మర ఉంటుంది. స్టాపర్ కడ్డీలు తట్టుకుంటున్నాయేమో చూడండి. తీసే ప్రతి దశకూ ముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి.

తుప్పు పట్టిన మర తిరగకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను దాని తల మీద కాసేపు ఆనించండి. చల్లారాక ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. తల అరిగిపోయేలా స్క్రూడ్రైవరుతో కుస్తీ పట్టకండి. కన్నం పెద్దదైపోయి మర పట్టకపోతే ఇంకా లావు మర ఎక్కించవద్దు, చెక్క చీలుతుంది. అగ్గిపుల్లకు కాస్త సరేసు రాసి కన్నంలో దూర్చి, ఆరాక పాత మరనే బిగించండి.

లోపల బొద్దింక గుడ్లు, ఎలుక కొరికిన ఫెల్టు, చెదల మట్టి ఉండవచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట మెత్తని బ్రష్షుతో దులపండి. వ్యాక్యూమ్ క్లీనరు గొట్టం రీడ్ల దగ్గరికి తీసుకువెళ్ళకండి. చెదలు చెక్క లోపలికి వెళ్ళిందేమో ఉలి మొనతో గుచ్చి చూడండి. బయటి పెట్టెకు పడితే మంచి వడ్రంగి ఆ ముక్క మార్చగలడు. రీడ్ బోర్డుకే పడితే మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు.

3. తిత్తులు

గదిలో లైటు ఆర్పి, వెలిగించిన టార్చి తిత్తి లోపల పెట్టండి. బయటి నుంచి చూస్తే ప్రతి కన్నమూ నక్షత్రంలా కనిపిస్తుంది. పెన్సిలుతో చుట్టండి. లోపలి తిత్తికి టార్చి పట్టకపోతే, గాలి నింపి, అతుకుల వెంట వెలిగించిన అగరుబత్తి నెమ్మదిగా జరపండి. పొగ ఎక్కడ పక్కకు కొట్టుకుంటే అక్కడ లీకు. ఫ్యాను ఆపడం మరిచిపోవద్దు.

ఎక్కువగా పగిలేవి మడతల మూలలు. వాటికి అతుకు వేసే పద్ధతి ఇదీ:

మేకతోలు ముక్కను పగులు కంటే అన్ని వైపులా ఒక వేలు వెడల్పు ఎక్కువ ఉండేలా కోయండి. దాని అంచులను స్క్రేపరుతో పలుచగా గీకండి. అంచు మందంగా ఉంటే మడత మూసినప్పుడు అక్కడే లేచిపోతుంది. పాత జిగురు పొడిబారి ఉంటే గీకేయండి. జిగురు పలుచగా పూసి, తిత్తి సగం తెరిచి ఉన్నప్పుడు అతికించండి. పూర్తిగా తెరిచి అతికిస్తే మూసినప్పుడు ముడత పడుతుంది. పూర్తిగా మూసి అతికిస్తే తెరిచినప్పుడు చిరుగుతుంది. రాత్రంతా నీడలో ఆరనివ్వండి.

అట్ట మెత్తబడిపోయి, గుడ్డ అంతా చివికి ఉంటే అతుకులు వేసుకుంటూ కూర్చోవడం దండగ. తిత్తి మొత్తం మార్చుకోండి. పాత తిత్తిని ఊడదీసి పరిచి, దాని కొలతతోనే కొత్త అట్టలు కోసుకోవాలి. ఓపిక లేనివాళ్ళు తిత్తి ఒక్కటే చేయించుకుని, మిగతా పని తామే చేసుకోవచ్చు.

ఇప్పుడు వాల్వులు. బయటి తిత్తి పలకకూ, లోపల గాలి వెళ్ళే దారికీ కన్నాల మీద తోలు ముక్కలు కప్పి ఉంటాయి. గాలి లోపలికి వెళ్ళనిస్తాయి, తిరిగి రానివ్వవు. ఏళ్ళు గడిచేసరికి ఇవి బిరుసెక్కి చివర్లు పైకి లేస్తాయి. తిత్తి కొడుతుంటే ఆయాసపడుతున్న చప్పుడు వస్తే ఇవే కారణం. కొత్త తోలు వేయండి. నున్నటి వైపు పైకి, మెత్తటి నూగు వైపు కన్నం మీదికి రావాలి. బిగుతుగా లాగి అతికిస్తే గాలికి లేవదు, మరీ వదులైతే మూసుకోదు. చెక్క మీద తనంతట తాను చదునుగా పడుకోవాలి, అదే గుర్తు.

లోపలి తిత్తి స్ప్రింగు తుప్పు పట్టినా విరగకపోతే కదపవద్దు. విప్పేటప్పుడు ఎగిరి ముఖానికి తగులుతుంది. తప్పదంటే ఇద్దరు మనుషులు ఉండి చేయండి.

మళ్ళీ గాలి పరీక్ష చేయండి. ఇది సరికాకుండా ముందుకు వెళ్ళకండి.

4. మెట్లూ మూతలూ

ప్రతి మెట్టు కింద ఫెల్టు, దాని మీద తోలు అతికించిన మూత ఉంటుంది. మెట్టు నొక్కితే మూత లేచి గాలికి దారి ఇస్తుంది. నొక్కకుండానే స్వరం మోగుతూ ఉంటే కారణాలు నాలుగే: మూత కింద నలుసు, స్ప్రింగు సడలడం, మెట్టు పక్కదానికో గైడు పిన్నుకో (మెట్టును వరసలో నిలిపే మేకు) ఒరుసుకోవడం, మూత వంకర పోవడం.

మెట్టు వెనక చివరను వేలితో కిందికి అదమండి. మోత ఆగిపోతే స్ప్రింగు బలం చాలడం లేదు, లేదా మెట్టు ఎక్కడో ఒరుసుకుంటోంది. అదిమినా ఆగకపోతే మూతలోనే లోపం ఉంది. ఒరుసుకునే మెట్టును చెక్క గీకకుండా ముందు గైడు పిన్నును కొద్దిగా పక్కకు వంచి చూడండి. పిన్నుకు పెన్సిలు ముల్లు రుద్దండి, ఆ గ్రాఫైటు చాలు. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వేయవద్దు. దుమ్ముతో కలిసి అది జిగురులా తయారవుతుంది, చెక్క తాగి ఉబ్బుతుంది. మన ఊళ్ళలో పాత పెట్టెలు పాడవడానికి నూనె కూడా ఒక పెద్ద కారణం.

మూత తోలును టూత్‌బ్రష్షుతో మెల్లగా దువ్వితే నూగు లేచి మళ్ళీ గాలి పడుతుంది. పురుగు తినేసిన ఫెల్టులు మార్చేటప్పుడు అన్నీ ఒకే మందం ఉన్నవి వేయండి. ఒక్కటి మందమైనా ఆ మెట్టు మిగతావాటితో సమంగా నిలబడదు.

చూసుకునే పద్ధతులు మూడు. సన్నటి కాగితం ముక్కను మూత కింద పెట్టి నాలుగు వైపుల నుంచీ లాగండి. నాలుగు వైపులా ఒకేలా పట్టు ఉండాలి. మెట్ల మీద ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి ఎత్తుపల్లాలు చూడండి. మూడోది బరువు పరీక్ష: మెట్టు చివర ఒకే రకం రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోండి, ఎన్నిటికి మెట్టు దిగిందో రాసుకోండి. తెల్లమెట్లన్నిటికీ దాదాపు ఒకే లెక్క రావాలి. ఎక్కువ తక్కువలుంటే స్ప్రింగును ప్లయరుతో కొద్దికొద్దిగా వంచి సమానం చేయండి. ఈ పని ఓపికగా చేసిన పెట్టె మీద వేళ్ళు ఎంత సుఖంగా నడుస్తాయో వాయించేవాళ్ళకే తెలుస్తుంది.

మెట్ల పైపూత పసుపురంగుకు తిరిగి ఉంటే సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి, అంతకంటే వద్దు. పాత వాటిలో సెల్యులాయిడ్ ఉండవచ్చు. దాన్ని థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు కరిగించేస్తాయి. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, అగరుబత్తిని కూడా దూరంగా పెట్టండి.

5. రీడ్లు శుభ్రం చేయడం

రీడ్ బోర్డును తిరగేస్తే ఇత్తడి రీడ్లు వరసలుగా మరలతో బిగించి కనిపిస్తాయి. రెండు వరసలుంటే ఒకటి బేస్ (కింది స్వరాలు), ఒకటి మేల్ (దానికంటే పై స్వరాలు). రాసుకున్న కాగితం చూసి, లోపమున్న రీడ్లు మాత్రమే విప్పండి. బాగా పలికేవాటిని ముట్టుకోవద్దు, పైనుంచి బ్రష్షుతో దులిపితే చాలు. విప్పిన ప్రతి రీడునూ దాని మరలతో సహా గుడ్ల ట్రేలో వరస నంబరు ప్రకారం పెట్టండి. ఒక్కసారి కలిసిపోయాయంటే తిరిగి వరస పెట్టడానికి పూటంతా పడుతుంది.

సముద్రానికి దగ్గరి ఊళ్ళలో, అంతర్వేది, కాకినాడ వైపు పెట్టెల్లో ఉప్పుగాలికి రీడ్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. ఇత్తడే కదా అని చింతపండు పెట్టి తోమకండి. బ్రాసో కూడా వద్దు. రీడు మధ్యలో కదిలి మోగే పలుచని నాలుకను పులుపు తినేస్తుంది. పాలిష్ పొడి సందుల్లో ఇరుక్కుంటుంది. దూదికి సర్జికల్ స్పిరిట్ తడిపి తుడవండి, టూత్‌బ్రష్షుతో మెల్లగా దువ్వండి. ఎప్పుడు దువ్వినా రివిట్ ఉన్న మొదలు నుంచి కొన వైపే. ఎదురు దువ్వితే నాలుక లేచి వంగుతుంది. నాలుకకూ, దాని చుట్టూ ఉన్న ఇత్తడి పలకకూ మధ్య నలుసు ఉంటే, పలుచని కాగితం కొన వైపు నుంచి దూర్చి అలాగే బయటికి లాగండి.

పలకని రీడును వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. నాలుకకు రెండు పక్కలా వెలుగు గీత సమానంగా కనిపించాలి. ఒక పక్క గీత లేదంటే నాలుక పలకకు తగులుతోంది. మొదలు దగ్గర చిన్న ఇత్తడి కడ్డీ ఆనించి పక్కనుంచి చాలా మెల్లగా తట్టి మధ్యకు తేవాలి.

తర్వాత కొన ఎత్తు. నాలుక కొన పలక కంటే కొద్దిగా పైకి ఉండాలి, దాదాపు కొన దగ్గర నాలుక మందం ఎంతో అంత. పొడవాటి బేస్ రీడ్లకు మరికాస్త ఎక్కువ. కొన మరీ కిందికి ఉంటే గట్టిగా గాలి కొట్టినప్పుడు స్వరం గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. మరీ పైకి ఉంటే ఆలస్యంగా పలుకుతుంది, గాలి ఎక్కువ తాగుతుంది. పలుచని రేకుతో మెల్లగా ఎత్తి గానీ, నొక్కి గానీ సరిచేయండి. ఒకేచోట మడత పడకూడదు, నాలుక అంతా కలిసి వంగాలి.

ఒక్క రీడే ఉన్నట్టుండి బాగా కిందికి జారిందంటే ముందు కొనకు మురికి అంటుకుందేమో చూడండి. కొన శుభ్రంగా ఉండి కూడా జారిందంటే మొదలు దగ్గర సన్నటి బీట పడింది. అది ఇక నిలవదు, మార్చాల్సిందే. గుజరాత్‌లోని పాలిటానాలో తయారయ్యే రీడ్లు సంగీత వాయిద్యాల షాపుల ద్వారా తెప్పించుకోవచ్చు. పాత రీడు వెంట తీసుకువెళ్ళి పొడవు, వెడల్పు, స్వరం మూడూ పోల్చుకునే కొనండి. పాత జర్మన్ రీడ్లో, పారిస్ రీడ్లో ఉన్న పెట్టె అయితే "సెట్టు మొత్తం మార్చేద్దాం" అనేవాళ్ళ మాట వినకండి. ఒక్కటి పోతే ఒక్కటే మార్చండి. ఆ నాదం కొత్త చౌక సెట్టులో రాదు.

ఒక స్వరం నొక్కితే పక్క స్వరం కూడా సన్నగా గుసగుసలాడుతోందా? అది రీడు తప్పు కాదు. రీడ్ బోర్డులో రెండు సందుల మధ్య చెక్క చీలింది. చీలిక మీద పలుచని తోలు పట్టీ సరేసుతో అతికించండి.

6. శృతి

ఇంతవరకు చేసినవన్నీ అయ్యాక పెట్టెను మూసి, రెండు మూడు రోజులు రోజూ కాసేపు వాయించండి. అప్పుడు ట్యూనరుతో అన్ని స్వరాలూ చూసి ఎంత తేడా ఉందో రాసుకోండి. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. పెట్టె మొత్తం ఒకే లెక్కన పైకో కిందికో ఉండి, తమలో తాము కలిసే ఉంటే, భజనకూ నాటకానికీ దాన్ని అలాగే వదిలేయండి. పాడేవాళ్ళు పెట్టె శృతికే పాడతారు. చర్చిలో కీబోర్డుతో కలిపి వాయించాలంటే మాత్రం కీబోర్డుల ప్రామాణిక శృతికి, అంటే A స్వరం 440 హెర్ట్జ్‌కు తేవాలి. అంత దూరం అన్ని రీడ్లనూ జరపడం పెద్ద పని, రీడ్లకు మంచిది కూడా కాదు.

సూత్రం చిన్నది: కొన దగ్గర లోహం తీస్తే శృతి పెరుగుతుంది, మొదలు దగ్గర తీస్తే తగ్గుతుంది.

నాలుక కింద ఉక్కు రేకు పెట్టి ఆనిక ఇవ్వండి. ఆనిక లేకుండా గీకితే నాలుక వంగుతుంది. ఆకురాయితో పొడవు వెంటే, రెండు మూడు గీతలు, అంతే. అడ్డంగా గీస్తే అక్కడే బీట పడుతుంది. పొడి ఊదేసి, వేళ్ళ వేడి తగ్గేదాకా ఆగి, పెట్టె మూసి వినండి. రీడును చేతిలో పట్టుకుని నోటితో ఊది శృతి చూసుకోవద్దు. పెట్టెలో బిగించాక వేరే శృతి పలుకుతుంది, పైగా నోటి తడి తగులుతుంది. తిత్తి కూడా ఒకే ఒత్తిడితో కొట్టాలి, ఒత్తిడి మారితే శృతి మారుతుంది.

రెండు వరసల పెట్టెలో మొదట మేల్ వరస ఒక్కటే తెరిచి పూర్తి చేయండి. ఆక్టేవులు కలిపి నొక్కి చూడండి. ఆ తర్వాత బేస్ తెరిచి, దానితో కలపండి. రెండూ కలవనప్పుడు "వవ్... వవ్..." అని అలలా వణుకు వినిపిస్తుంది. 440, 441 కలిసి మోగితే సెకనుకు ఒక అల. కలిసే కొద్దీ అల నెమ్మదిస్తుంది, పూర్తిగా కలిస్తే ఆగిపోతుంది. చివరి దశలో యాప్ కంటే చెవినే నమ్మండి.

గీకిన రీడ్లు కొద్దిగా కదులుతాయి. వారం ఆగి మళ్ళీ చూసి, తేడా వచ్చినవాటిని సరిచేయండి. పండగ ముందురోజు శృతి మొదలుపెట్టి టెన్షన్ పడకండి.

7. పైపని

వార్నీషు, స్పిరిట్ పాలిష్ అన్నిటికంటే చివర, పెట్టె బయటి వైపు మాత్రమే. రీడ్ బోర్డుకూ మెట్ల పక్కలకూ రాయకూడదు. పాలిష్ వాసన పూర్తిగా పోయేదాకా పెట్టె మూయకండి.

వరదలో తడిసిన పెట్టె

లంక గ్రామాల నుంచి ఈ ప్రశ్న విడిగా వస్తుంది. 1986 ఆగస్టు వరదలో, 2022 జూలై వరదలో ఇళ్ళలోకి వచ్చిన నీళ్ళు చూసినవాళ్ళకు తెలుసు, నీళ్ళకంటే ఒండ్రు ఎక్కువ పాడుచేస్తుంది. మునిగిన పెట్టెకు తిత్తి కొట్టకండి. కొడితే బురద రీడ్ల సందుల్లోకి వెళుతుంది. అదే రోజు విప్పేయండి. ఈ పెట్టెకు మాత్రం రీడ్లన్నీ తీయాలి. నంబర్లు వేసుకుంటూ తీసి, మంచినీళ్ళలో ఒక్కొక్కటే కడిగి, వెంటనే మెత్తని గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టండి. ఒండ్రు ఆరి గట్టిపడ్డాక గీకి తీయాలంటే నాలుకలు దెబ్బతింటాయి.

చెక్క భాగాలు కడిగి, సమంగా ఉన్న పలక మీద పెట్టి, వంకర పోకుండా తాడుతో కట్టి నీడలో ఆరబెట్టండి. త్వరగా ఆరాలని ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయరు పట్టినా రీడ్ బోర్డు పగులుతుంది. వారాలు పడుతుంది, పట్టనివ్వండి. సరేసు అతుకులన్నీ ఊడిపోయి ఉంటాయి. అందుకు భయపడకండి, మళ్ళీ అతికించుకోవచ్చు. తిత్తులు మాత్రం చాలావరకు కొత్తవి వేయాల్సి వస్తుంది.

కాలి హార్మోనియం, పియానో

పాత చర్చిల్లో కాలితో తొక్కే పెద్ద ఆర్గన్లు ఉన్నచోట ఇదే వరస పాటించవచ్చు. అయితే వాటిలో అమెరికన్ రకం గాలిని నెట్టదు, లోపలికి పీలుస్తుంది. వాటి రీడ్లకు మరలు ఉండవు, గూళ్ళలో దూర్చి ఉంటాయి. చివర ఉన్న గాడికి కొక్కెం తగిలించి తిన్నగా బయటికి లాగాలి. పక్కకు వంచితే రీడు పోతుంది.

పియానో బాగుచేసుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. దుమ్ము తీయడం, మెట్ల ఫెల్టులు మార్చడం, అతుక్కుపోయిన మెట్టు సరిచేయడం వరకు చేయండి. తీగల జోలికి వెళ్ళవద్దు. దాదాపు 230 తీగలు కలిసి 15 నుంచి 20 టన్నుల బిగువుతో ఉంటాయి. తుప్పు పట్టిన తీగ తెగితే చెయ్యీ కన్నూ రెండింటికీ ప్రమాదం. దానికి నేర్చినవాళ్ళను పిలిపించండి.

బాగైన పెట్టెను ఉంచే పద్ధతి

నేల మీద వద్దు, పీట మీద పెట్టండి. వాన కొట్టే గోడకు ఆనించవద్దు. ప్లాస్టిక్ కవరు చుడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది, నూలు గుడ్డ కప్పండి. తిత్తి మూసి కొక్కెం పెట్టండి, స్టాపర్లు మూయండి. లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. ఎండిన వేపాకు గుడ్డ సంచిలో కట్టి ఒక మూల పెట్టినా మంచిదే, విడి ఆకులు మాత్రం వేయవద్దు, పొడి రీడ్లలో పడుతుంది. వెనక గాలి కన్నాలకు సన్నటి జాలీ కొట్టిస్తే ఎలుకలు రావు. వారానికి ఒక్కసారైనా అన్ని స్టాపర్లూ తెరిచి, మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా వాయించండి. వాయించని మెట్టుకే ముందు చెమ్మ పడుతుంది.